అడుగుకు పావంగుళం వాలు

ఆ వీధిలో వడ్రంగిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. ఇప్పుడున్న వాళ్ళందరికీ ఆయన రసమట్టం. నలుగురికీ చొక్కా జేబులో పెన్ను ఉండే చోట ఆయనకు బెత్తెడు రసమట్టం ఉంటుంది. టీ కొట్టుకు వెళ్తే ముందు అది తీసి బల్ల మీద పెడతాడు. గాజు గొట్టంలో బుడగ మధ్యకు రాకపోతే పాత కాగితం మడిచి బల్ల కాలి కింద దోపి, అప్పుడు గ్లాసు అందుకుంటాడు. చావు పలకరింపుకు వెళ్ళినా చూపు ముందు గోడ మీది పటాల మీదికే పోతుంది. ఒకసారి అలాంటి చోటే, ఇంటావిడ ఏడుస్తూ ఉండగా లేచి వెళ్ళి, పోయినాయన ఫోటో సరిచేసి వచ్చి కూర్చున్నాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు గానీ, ఇంటికొచ్చాక ఆయన భార్య రెండు రోజులు మాట్లాడలేదు.

ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఆయన పిచ్చి పుణ్యమా అని ఆ చుట్టుపక్కల ఒక్క తలుపు కిర్రుమనదు, ఒక్క అల్మారా అర ఒరగదు. మనిషి మంచివాడు, పని మంచిది, మాట తక్కువ. ఇంతవరకే అయితే ఆయన గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. కానీ ఆయనకొక తమ్ముడున్నాడు.

తమ్ముడికి పసితనంలో జ్వరం తగిలింది. జ్వరం దిగింది గానీ బుద్ధి ఆ వయసు దగ్గరే ఆగిపోయింది. ఒళ్ళు పెరిగింది, గడ్డం వచ్చింది, గడ్డం నెరిసింది, మనిషి మాత్రం ఐదేళ్ళవాడే. బతికున్నంత కాలం తల్లి వాణ్ణి కొంగున ముడేసుకుని తిరిగింది. ఆమె పోయేనాటికి అన్నకు కొత్తగా పెళ్ళయింది, ఉన్నది ఒక్క గది. అలాంటివాళ్ళను చూసుకునే ఇల్లొకటి ఊరికి అవతలి చివర ఉంటే అక్కడ చేర్చాడు. కాస్త పెద్ద ఇల్లు దొరకగానే తెచ్చేసుకుందామనుకున్నాడు. ఇల్లు దొరికింది. ఆ తర్వాత పని పెరిగింది, ఆ తర్వాత నడుం నొప్పి వచ్చింది, ఆ తర్వాత ఇంకేదో వచ్చింది. ఇదిగో అదిగో అంటుండగానే ఇద్దరి జుట్టూ తెల్లబడింది. పిల్లలు లేని ఇంట్లో చోటు లేదనే మాటకు ఏం బలముంటుంది? అది ఆయనకు తెలుసు. తెలుసు కాబట్టే ఏ ఆదివారమూ మానకుండా చూడ్డానికి వెళ్ళేవాడు.

వెళ్తే తమ్ముడి కోసం వెతకనక్కర్లేదు. వరండా చివర చేతులు కడుక్కునే తొట్టి దగ్గర ఉంటాడు. వాడికి లోకంలో అన్నీ భయమే. తలుపు చప్పుడు భయం, కొత్త మొహం భయం, ఎవరైనా గట్టిగా నవ్వితే భయం. భయమేస్తే తల గోడకేసి కొట్టుకుంటాడు. కుళాయి తిప్పి, నీళ్ళు చేతుల మీద పడుతుంటే మాత్రం భుజాలు దిగుతాయి, మొహం తేటపడుతుంది. సబ్బు అక్కర్లేదు, మురికి ఉండక్కర్లేదు, నీళ్ళు పారుతుంటే చాలు. ఆయాలు విసుక్కుని కుళాయి కట్టేసేవాళ్ళు. వాళ్ళు అటు తిరగ్గానే వాడు మళ్ళీ తిప్పేవాడు.

ఒక ఆదివారం పెద్ద నర్సమ్మ ఆయన్ని పక్కకు పిలిచింది. తమ్ముడి అన్న కాబట్టి అక్కడ అందరికీ ఆయన అన్నగారే.

"ఈ ఇల్లు మూసేస్తున్నారు అన్నగారూ. చలికాలం వచ్చేలోపు ఖాళీ చేసేయమన్నారు. వీళ్ళందరినీ పెద్ద ఆశ్రమానికి పంపిస్తారట. అదెక్కడో దూరం. వ్యాన్‌లో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది."

"అక్కడ బాగా చూస్తారా?"

"పెద్ద పెద్ద హాళ్ళు. జనం ఎక్కువ. కుళాయిలకు వేళలుంటాయి," అంది.

"మా ఇంటికి తీసుకెళ్తానంటే?"

"అది చెబుదామనే పిలిచాను. అయినవాళ్ళు తీసుకెళ్తామంటే ఇస్తారు. అతనికంటూ ఒక గది ఉండాలి, ఆ గదిలో నీళ్ళుండాలి. మనిషి ఉండటానికి పనికొస్తుందని మునిసిపాలిటీవాళ్ళు కాగితమివ్వాలి. వ్యాన్ వచ్చేలోపు ఆ కాగితం నా చేతిలో పెట్టండి చాలు. పేరు అక్కడికి మారిపోయిందంటే ఇక నేను చేయగలిగింది లేదు. అక్కడికెళ్ళినవాళ్ళను వెనక్కి పంపడం నేనైతే చూళ్ళేదు."

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, మెతుకులు కెలికి, చివరికి ఎలాగో భార్యకు చెప్పాడు. ఆవిడ గరిటె కింద పెట్టింది.

"ఇన్నాళ్ళకు మీ నోటి నుంచి ఊడిపడింది. కాపురానికొచ్చిన ఏడే తీసుకొద్దామన్నాను నేను. అప్పుడు మీకు చెవుడు."

"గదెక్కడుంది?"

"కింద సెల్లార్ లేదూ? మీ రంపాలూ చిత్రికలూ కాస్త పక్కకు నడిస్తే రాజాలా ఉంటాడు."

"అది నా పనిగది."

"మీకు పనిగది కావాలో తమ్ముడు కావాలో మీరే తేల్చుకోండి," అని ఆవిడ కంచం తీసేసింది.

ఆయన ఆ సాయంత్రమే పనిబల్ల విప్పేశాడు. ఆ బల్ల మీద ఆయన సగం జీవితం గడిచింది. దాన్ని ముక్కలుగా పైకి మోసి, పెరటి రేకుల కింద పడేసి, గుడ్డ కప్పాడు. తర్వాత ఖాళీ సెల్లార్ మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. పొడవాటి గది. వంటింట్లోంచి మెట్లు దిగుతాయి. పై వారన వీధి మట్టానికి చిన్న కిటికీ, దాంట్లోంచి పోయేవాళ్ళ చెప్పులు కనిపిస్తాయి. ఒక మూల మోకాలిలోతు గుంట. వానాకాలం గోడల్లోంచి ఊరిన నీళ్ళు అందులో చేరతాయి, గుంటలోని చిన్న మోటారు వాటిని బయట రోడ్డు పక్క వాన కాలువలోకి తోడేస్తుంది. ఇల్లు కట్టినవాడెవడో గానీ బుద్ధిమంతుడు అనుకున్నాడు రసమట్టం. సింకు ఈ గోడకు పెట్టి, గొట్టం ఆ గుంటలోకి వదిలితే సరి.

బావమరిది ప్లంబరే. వీధికి ఆయన రసమట్టమైతే, ఇంట్లో బావమరిది గొట్టంగాడు. ఇద్దరికీ ఒకరి పనంటే ఒకరికి చులకన. "కర్రపనిలో ఏముంది బావా, సందొస్తే లప్పం పెడతావు. నీళ్ళ దగ్గర లప్పం చెల్లదు," అని వాడు. "నీ పనంతా గోడ వెనకా నేల కిందా. ఎలా ఏడ్చినా ఎవడు చూడొచ్చాడు," అని ఈయన. పండక్కో పబ్బానికో కలిస్తే ఇదే గోల. అయినా భార్య పోరు పడలేక ఫోన్ చేశాడు.

"బావా, సెల్లార్‌లో సింకంటే వంటింట్లో సింకు కాదు," అన్నాడు బావమరిది. "రోడ్డు మీది డ్రైనేజీ గొట్టం మీ సెల్లార్ నేల కంటే పైనుంటుంది. నీళ్ళు వాటంతటవి పైకెక్కవు. దానికో పద్ధతుంది. ముందు మునిసిపాలిటీ పర్మిషన్ తీసుకోవాలి. ఈ వారం నేను పెద్ద బిల్డింగ్ పనిలో ఇరుక్కున్నాను, పై వారం వస్తా. అప్పటిదాకా నువ్వేమీ ముట్టుకోకు, నీకు దణ్ణం పెడతా."

ముట్టుకోకు అంటే ఎవరికైనా ముట్టుకోబుద్ధవుతుంది. వాడు వచ్చి, చేసి, ఆ చేసింది జన్మంతా చెప్పుకు నవ్వుతాడని ఒక పక్క. రోజులు కరిగిపోతున్నాయని ఇంకో పక్క. పలక కోసేవాడికి గొట్టం కోయడం రాదా అని మరో పక్క. ఇన్నేళ్ళు ఆగిన మనిషి ఆ ఒక్క వారం ఆగలేకపోయాడు.

నీరు పల్లమెరుగు అన్న మాట చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆయనకూ తెలుసు, ఎవరైనా అడిగితే చెప్పేవాడే. అయితే చేతులకు వేరే చదువుంటుంది. సింకు దగ్గర్నుంచి మూల గుంట దాకా గొట్టం పొడుగునా చెక్క దిమ్మలు చిత్రిక పట్టి, అన్నీ ఒక్క ఎత్తుకు తెచ్చి, వాటి మీద గొట్టాన్ని పరిచాడు. జేబులోది చాలదని పెద్ద రసమట్టం తెచ్చి పెట్టి చూశాడు. ఒకచోట బుడగ వెంట్రుకవాసి పక్కకు జరిగింది. ఆ దిమ్మ తీసి, రెండు చెక్కపొరలు లేపి, మళ్ళీ పెట్టాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా బుడగ మధ్యలో బొట్టు పెట్టినట్టు నిలబడింది. బకెట్ నీళ్ళు సింకులో పోస్తే గుంటలోకి వెళ్ళిపోయాయి. ఆయన మొహంలో ఎన్నాళ్ళుగానో లేని తృప్తి కనిపించింది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తమ్ముడు గంటల తరబడి నిలబడే మనిషి, గచ్చు మీద కాళ్ళు చల్లబడతాయని గొట్టాన్ని కప్పేస్తూ నేలంతా చెక్క పరిచాడు. కూతురి పెళ్ళి చేసే తండ్రి కూడా అంత శ్రద్ధ పెట్టడు. పలకకూ పలకకూ మధ్య బ్లేడు దూరదు. భార్య మెట్ల మీద నుంచి చూసి, కింద కూర్చుని, అరచేత్తో నేలను నిమిరింది.

"ముందు తమ్ముణ్ణి తెచ్చి చూపిద్దాం," అన్నాడాయన. "మునిసిపాలిటీకి రేపు వెళ్తాలే."

"కాగితం రాకముందేనా?"

"ఒక్క పూటే కదే."

పెద్ద నర్సమ్మ పగటిపూటకు ఒప్పుకుంది. తమ్ముడు అన్న చెయ్యి గట్టిగా పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ సెల్లార్‌లోకి దిగాడు. సింకు చూశాడు. అన్నను చూశాడు. కుళాయి తిప్పడానికి ఎవరైనా తిడతారేమోనని వెనక్కి చూశాడు.

"తిప్పరా. నీదే," అన్నాడు అన్న.

"నాదా?"

"నీదే. ఎవరూ కట్టెయ్యరు."

వాడు కుళాయి తిప్పి చేతులు కింద పెట్టాడు. భుజాలు దిగాయి. ఆ మధ్యాహ్నమంతా వాడు అక్కడే ఉన్నాడు. వదినగారు అక్కడికే పళ్ళెం తెచ్చి ముద్దలు పెడితే తడిచేతులతోనే నిలబడి తిన్నాడు. మధ్యలో ఒకసారి తనలో తను నవ్వుకున్నాడు. వాడు నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో అన్నకు గుర్తు రాలేదు. మెట్ల మీద కూర్చుని మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

తిరిగి పంపాల్సిన వేళయింది. తమ్ముడు సింకు అంచు పట్టుకుని వదల్లేదు. బతిమాలినా వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయబోతే తల గోడకేసి కొట్టుకోబోయాడు. భార్య అడ్డంగా చెయ్యి పెట్టింది, దెబ్బ ఆమె చేతికి తగిలింది.

"రేపొచ్చేద్దాంరా," అన్నాడు అన్న, ఏమనాలో తోచక. "రేపొచ్చి ఇక్కడే ఉండిపోదువు గాని."

"రేపా?"

"రేపే."

తమ్ముడు చేతులు వదిలేశాడు. పెద్దవాళ్ళు రేపంటే ఎప్పుడో అని అర్థం. వాడికి రేపంటే రేపే.

మర్నాడు ఆయన మునిసిపాలిటీకి వెళ్తే కిటికీ దగ్గర పర్మిషన్ నంబరు అడిగారు. లేదన్నాడు. అయితే ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడన్నారు. ఆ ఇన్‌స్పెక్టరు కొన్నాళ్ళకు వచ్చాడు. అరుపులూ అధికారమూ లేని మనిషి. చెప్పులు మెట్ల దగ్గర విడిచి మరీ చెక్క నేల మీదికి అడుగు పెట్టాడు.

"గొట్టమేది పెద్దాయనా?"

"నేల కింద ఉంది సార్."

"నేను చూడకముందే మూసేశారా?"

"చూస్తారని తెలియదు సార్."

"చూడకుండా కాగితం మీద సంతకం ఎలా పెడతాను? తీయాలి మరి."

ఆయన ఉలి తెచ్చి తను వేసిన పలకలు తనే లేపాడు. బ్లేడు దూరని నేలలోకి ఉలి దూరాలంటే చెక్క చీలాలి, చీలింది. భార్య ఆ చప్పుడు వినలేక పైకి వెళ్ళిపోయింది. గొట్టం బయటపడ్డాక ఇన్‌స్పెక్టరు వంగి తన రసమట్టం దాని మీద పెట్టాడు. నాలుగు చోట్ల పెట్టి చూశాడు.

"గొట్టాన్ని ఇంత సమంగా వేసిన మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు," అన్నాడు.

ఆ ఒక్క క్షణం రసమట్టానికి ఒళ్ళు పులకరించింది. పాపం, థాంక్స్ కూడా చెప్పాడు.

"అదే తప్పు పెద్దాయనా. అడుగుకు పావంగుళం వాలుండాలి. సమంగా ఉంటే ఇవాళ నీళ్ళు పోయినా మడ్డి అడుగున నిలిచిపోతుంది. రోజూ కాస్త, రోజూ కాస్త. ఆరునెలల్లో పూడుకుపోతుంది."

"వాలు పెడతాను సార్. సాయంత్రానికి పెట్టేస్తాను."

"వాలొక్కటే కాదు." ఇన్‌స్పెక్టరు మూలనున్న గుంట దగ్గరికి వెళ్ళాడు. "ఇది వాన నీళ్ళ గుంట. ఇందులోవి వాన కాలువలోకి పోతాయి, అక్కణ్ణుంచి ఏట్లో కలుస్తాయి. వాడిన నీళ్ళు ఇందులో వదలకూడదు. అవి డ్రైనేజీలోకే పోవాలి. డ్రైనేజీ పైనుంది కాబట్టి మూతున్న తొట్టి పాతి, మోటారు పెట్టి పైకి తోడాలి. తోడిన నీళ్ళు వెనక్కి రాకుండా మధ్యలో కవాటం ఉండాలి. మురుగు గాలి గదిలోకి రాకుండా కప్పు మీదికి గాలి గొట్టం తీయాలి. లైసెన్సున్న ప్లంబరు గీసిచ్చిన నక్షాతో పర్మిషన్ అడగాలి. అన్నీ తెరిచి ఉండగా ఒకసారి చూస్తాను, పూర్తయ్యాక ఒకసారి చూస్తాను."

రసమట్టం చేతిలో ఉలి అలాగే ఉంది. "ఒక్క సింకు సార్," అన్నాడు. "చేతులు కడుక్కోడానికి. మా తమ్ముడు ఇంకేమీ అడగడు."

ఇన్‌స్పెక్టరు గుంట అంచున గొంతుక్కూర్చున్నాడు. "ఇలాంటి కింది గదిలోనే ఒక ముసలావిడ పడుకునేది," అన్నాడు. "కవాటం పెట్టలేదు. గట్టి వానకు రోడ్డు మీది మురుగంతా వెనక్కి తన్నింది. ఆవిడ లేవలేని మనిషి. పొద్దున చూసింది నేనే. మీ తమ్ముడు నీళ్ళు పైకొస్తుంటే భయపడి మెట్లెక్కుతాడా, అక్కడే నిలబడతాడా?"

అక్కడే నిలబడతాడు. నీళ్ళొస్తే వాడు ఎక్కడికీ పోడు. ఆయనకది ఇన్‌స్పెక్టరు కంటే బాగా తెలుసు. తిట్టుకోవడానికైనా ఒక లంచగొండో, ఒక పొగరుబోతో ఎదురుగా ఉంటే మనిషికి కొంత ఊరట. ఆ ఊరట కూడా ఆయనకు దక్కలేదు. వచ్చినవాడు తన తమ్ముడి ప్రాణం గురించి తనకంటే ముందు ఆలోచించాడు.

ఆ సాయంత్రం బావమరిది వచ్చాడు. చీలిన పలకలూ, కింద బారుగా పడి ఉన్న గొట్టమూ చూశాడు. వాడు నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, "గునపం ఉందా బావా?" అన్నాడు.

"వారం ఆగమన్నావు," అన్నాడు రసమట్టం.

"అయిందేదో అయింది. ఇప్పుడది తవ్వుకుంటూ కూర్చుంటే గుంటెవడు తవ్వుతాడు?"

నక్షా గీయించి పర్మిషన్ అడిగారు. అది రావడానికి కొన్నాళ్ళు పట్టింది. వచ్చాక బావమరిది చేతిలో ఉన్న పనులు మానుకుని వచ్చాడు. గచ్చు పగలగొట్టి, తొట్టి పాతి, మోటారు దించారు. గాలి గొట్టం వంటింటి గోడలోంచి కప్పు మీదికి లాగారు. భార్య గిన్నెలన్నీ ఎత్తి మంచం మీద పెట్టుకుంది. గొట్టానికి వాలు పెట్టే దగ్గర ఒక చిత్రం జరిగింది. ఆ చివర దిమ్మ దించమని బావమరిది చెప్పినప్పుడల్లా రసమట్టం దించేవాడు, దించి బుడగ చూసేవాడు, చూసి తెలియకుండానే మళ్ళీ పైకెత్తేవాడు. రెండుసార్లయ్యాక బావమరిది ఆయన చేతిలోంచి రసమట్టం మెల్లగా తీసుకుని, "నువ్వు నీళ్ళు తాగిరా బావా," అన్నాడు. ఆయన పెరట్లోకి వెళ్ళి గుడ్డ కప్పిన పనిబల్ల పక్కన నిలబడ్డాడు. ఇన్నాళ్ళు దేన్ని విద్య అనుకున్నాడో అదే ఇవాళ తమ్ముడికి అడ్డం పడింది. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

ఇన్‌స్పెక్టరు మొదటిసారి వచ్చి చూసి బాగుందన్నాడు. ఇక పూడ్చి, గచ్చు వేసి, ఆరాక ఆఖరిసారి చూడాలి. దానికి మునిసిపాలిటీవాళ్ళిచ్చిన రోజు వ్యాన్ వచ్చే వారం దాటాక ఉంది. రసమట్టం ఆఫీసుకు పరిగెత్తాడు. ఇన్‌స్పెక్టరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"మీకంటే ముందున్నవాళ్ళలో ఒకరింట్లో మురుగు ఎదురు తన్ని పిల్లలు జ్వరాలతో పడున్నారు. ఇంకొకరింట్లో బాలింత. ఎవర్ని వెనక్కి జరపమంటారో మీరే చెప్పండి పెద్దాయనా, జరుపుతాను."

ఆయనకు అక్కడ కూర్చున్నంతసేపూ, పిల్లల్నే జరపండి అందామా అన్న ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడి లేచి వచ్చేశాడు. పెద్ద నర్సమ్మ పైవాళ్ళకు రాసి నాలుగు రోజులు గడువడిగింది. ఇల్లు అప్పజెప్పే రోజు మారదని జవాబొచ్చింది.

ఆ మధ్య ఆదివారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. తమ్ముడు ఇప్పుడు వరండా తొట్టి దగ్గర ఉండటం లేదు. ఇల్లు చూసి వెళ్ళిన మర్నాడు పొద్దుటే బట్టలన్నీ సంచిలో కుక్కుకుని వీధి తలుపు దగ్గర కూర్చున్నాడట. చీకటి పడ్డాక లేపుకెళ్ళి పడుకోబెట్టారు. పొద్దున మళ్ళీ అక్కడే. "ఏం చెప్పారు అన్నగారూ అతనికి?" అని నర్సమ్మ అడిగింది. రేపని చెప్పానమ్మా అన్నాడు. కుళాయి దగ్గరికి రమ్మని ఆయాలే బతిమాలే స్థితి వచ్చింది. వాడు వెళ్ళడు. తను అటు వెళ్తే ఇటు అన్న వచ్చి తిరిగి వెళ్ళిపోతాడేమోనని భయం.

వ్యాన్ పొద్దున్నే వచ్చింది. రసమట్టం అంతకు ముందే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. వెళ్ళొద్దని భార్య చెప్పింది, చూసి తట్టుకోలేరంది. వాణ్ణి ఒంటరిగా ఎక్కించడం కంటే తట్టుకోలేనిదేముంటుందని వచ్చాడు. మిగతావాళ్ళు ఎక్కమంటే ఏడుస్తున్నారు, ఆయాల కొంగులు పట్టుకుని వేలాడుతున్నారు. తమ్ముడు తలుపు దగ్గర్నుంచి అన్నను చూశాడు. సంచి చంకన పెట్టుకుని లేచాడు.

"రేపొచ్చిందా అన్నా?"

నర్సమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. మేమేమీ చెప్పలేదు, మీరే చెప్పండి అని అంతకుముందే అంది. చెబుదామనే ఆయన వచ్చాడు. దారంతా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాడు. ఆ మొహం చూశాక ఒక్క మాట మిగల్లేదు.

"వచ్చిందిరా," అన్నాడు.

తమ్ముడు అందరికంటే ముందు వ్యాన్ ఎక్కాడు. కొత్త మొహాలు, ఇంజన్ చప్పుడు, దేనికీ భయపడలేదు. కిటికీ పక్క సీట్లో కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, పక్క సీటు మీద అరచేత్తో తట్టాడు.

"అన్నా, రా. కూర్చో."

"నువ్వు పదరా. నేను వెనక వస్తున్నా."

"వదిన?"

"ఇంటి దగ్గరుంది."

వాడు సరేనని తలూపాడు. వ్యాన్ కదిలింది. మలుపు తిరిగేదాకా వాడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అన్నను రా రమ్మని పిలుస్తూనే ఉన్నాడు. రసమట్టం గేటు పట్టుకుని నిలబడ్డాడు. నర్సమ్మ కుర్చీ తెప్పిస్తే కూర్చోలేదు. ఆ రోజు ఆయన ఇంటికి ఎలా చేరాడో ఆయనకే తెలియదు.

ఇచ్చిన రోజుకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వద్దని చెప్పి పంపేద్దామంది భార్య. బావమరిది మాత్రం, మొదలుపెట్టిన పని చూపించకుండా వదలకూడదు బావా అని దగ్గరుండి అన్నీ చూపించాడు. కుళాయి తిప్పారు. నీళ్ళు సింకులోంచి జారి, గచ్చు కింద వాలు మీదుగా తొట్టిలోకి వెళ్ళాయి. మోటారు ఒకసారి గుర్రుమని వాటిని పైకి తోసి ఆగింది. వాసన లేదు, చెమ్మ లేదు. ఇన్‌స్పెక్టరు మెట్ల మీద కూర్చుని మోకాలి మీద కాగితం పెట్టుకున్నాడు.

"అన్నీ బాగున్నాయి. ఇదొక్కటి రాయాలి. ఈ గదిలో ఎవరుంటారు?"

బావమరిది కుళాయి కట్టేశాడు.

"మా తమ్ముడు," అన్నాడు రసమట్టం.

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. "ఎప్పుడొస్తున్నాడు పెద్దాయనా?"

"వాడి మటుకు వాడు బయల్దేరాడు సార్. మా ఇంటికే వస్తున్నాననుకుంటున్నాడు."

ఇన్‌స్పెక్టరు తలెత్తి ముగ్గురినీ చూశాడు. సంతకం పెట్టి, కాగితం ఆయన చేతికిచ్చి, చెప్పులు వేసుకుని వెళ్ళాడు.